కాలు లేచినప్పుడు

బాన్సువాడ పాత బజార్లో భీంరావు బ్యాండు దుకాణం. పొద్దున పది దాటింది. ఆ బ్యాండులో ఒకప్పుడు సాక్సాఫోన్ ఊదిన అమీర్ పాషా కన్నుమూసి నిన్నటికి నలభై రోజులు. ఆయన కూతురు అలీజా టిఫిన్ డబ్బాతో వచ్చి బ్యాండు మాస్టర్ భీంరావు ఎదుట స్టూలు మీద కూర్చుంది.

"గదే అంటున్న బిడ్డా. వాడకట్టంతటికి బిర్యానీ పంపి, నాకొక్కనికి ఖీర్ పంపుడేంది? మీ అమ్మీకి నా మీద గంత కోపమా?"

"కోపమైతే ఏదీ పంపకపోవు చాచా. తిను. సేమ్యా మెత్తగ ఉడికింది. చల్లారితే గట్టిపడ్తది."

"నిన్న మన పెద్ద డోలు గోపాల్ గాడు నా ముంగటనే బొక్క నమిలిండు. ‘మెహబూబీ వదినె చేతి బిర్యానీ మాస్టర్, మీకు రాలేదా?’ అన్నడు. పది మందిల నా పరువేం గావాలె?"

"నువ్వు నిన్న నలభై దినాల ఫాతెహాకు రాలే గద."

"పిలిస్తిరా?"

"పిలువనీకి నేనే వచ్చిన. నన్ను చూసి షటర్ గుంజినవు."

"గాలికి పడ్డదది."

"ఇనుప షటర్ గాలికి పడ్డదా?"

"పాతది. అట్లనే పడ్తది."

"మూతి మీది తువ్వాల తియ్యరాదు? గీ ఉక్కపోతల ఊపిరెట్ల ఆడుతుంది నీకు?"

"దుమ్ము. రోడ్డు తవ్వుతుండ్రు గద, దుమ్మంత గొంతులకే వస్తది. వచ్చిన పనేందో చెప్పు. డబ్బా ఇచ్చి పోయేదానివైతే స్టూలు మీద కూసోకపోదువు."

"అబ్బా ఫోన్ తెచ్చిన."

"నాకెందుకు?"

"అండ్ల నల్లగళ్ల పాటలున్నయి."

"ఏం పాటలు?"

"నల్లగళ్ల పాటలు చాచా. మర్సిపోయినట్టు చెయ్యకు."

"గా సీడీని నేను కాలువల ఇసిరేసిన గద."

"మర్సిపోలేదన్నట్టు."

"...ఇసిరేసినంక ఫోన్లకెట్ల వచ్చినయి?"

"అంతకు ముందే అబ్బా మా అజహర్ అన్న మొబైల్ దుకాణంల ఎక్కిచ్చుకున్నడు. సీడీ గీతలు పడ్డది, ఏదో ఒకనాడు ఆగిపోతదని భయపడ్డడు. నువ్వు ఇసిరేస్తవని కాదు. నీ గురించి గసొంటి భయం ఆయనకు ఎన్నడు లేకుండె."

"సూడు అలీజా, గా సీడీ నా బండిల దొరికింది. నేను కొన్న బండి. ఇసిరేస్త, కాలబెడ్త, నా ఇష్టం."

"దొరికిన దినం ముచ్చట చెప్పు."

"ఇప్పుడెందుకు గవన్ని?"

"అబ్బా వందసార్లు చెప్పిండు. నీ నోటికెళ్లి ఒక్కసారి వినాలనున్నది."

"ఏమున్నది చెప్పనీకి... దెగ్లూర్‌ల ఒగాయన బ్యాండు ఎత్తేస్తుంటే, ఆయన మైకు బండి కొన్నం. ట్రాక్టర్‌కు కట్టి తెస్తున్నం. మద్నూర్ కాడ లారీలు లైన్ కట్టినయి, ఆగినం. మీ అబ్బాకు ఒక్క నిమిషం ఊకె కూసునుడు రాదు. బండి నడుస్తదా లేదా సూద్దామని బటన్ ఒత్తిండు. ప్లేయర్ల ఎవడో మర్సిపోయిన సీడీ గిర్రున తిరిగింది. ఇగ..."

"ఇగ?"

"ఇగ బాకాలు! మన అసొంటి బాకాలే బిడ్డా. ట్రంపెట్, సాక్సు, అన్ని. ఎవడో మరాఠోడు లగ్గం బ్యాండును రికార్డ్ చేసిండనుకున్న. పాడేదేమో ఇంగ్లిష్. ఏమన్న ఉరుకుడా అది! గోపాల్ గాడు ట్రాక్టర్ మీదికెళ్లి దుంకి డాంబర్ రోడ్డు మీదనే ఆడిండు. లారీ డ్రైవర్లు దిగి ఆడిర్రు. చెరుకు బండి తోలెటోడైతే బండి ఇడిసిపెట్టి వచ్చిండు, ఎద్దులు వాని కోసం ఎదురుసూసుకుంట నిలవడ్డయి."

"నవ్వుతున్నవు చాచా."

"నవ్వుతలేను."

"తువ్వాల కదులుతుంది. అబ్బా గూడ ఆడిండా?"

"ఆడలే. కండ్లు మూసుకొని, కాలు కొట్టుకుంట నిలవడ్డడు. లారీలు కదిలినంక నన్నడిగిండు. ‘భీం, మనం ఇరవై ఏండ్ల సంది కాలు కింద పడ్డప్పుడు ఊదుతున్నం. వీళ్లు కాలు లేచినప్పుడు ఊదుతుండ్రు. రెండు అడుగుల నడుమ గింత జాగ ఉన్నదని మనకెవ్వడు చెప్పలేదేందిరా?’ అని."

"గింత జాగ. నాతోని గూడ గదే మాట అనేటోడు."

"సీడీ తీసి సూస్తే దాని మీద సదరంగం బల్ల లెక్క నల్లగళ్లు, తెల్లగళ్లు. పేరు అరిగిపోయింది. గందుకే నల్లగళ్ల పాటలన్నం."

"అప్పుడు నేను ఇంటర్ల ఉన్న. నెట్‌ల చూసి చెప్పు బిడ్డా అన్నడు. జమైకా అని ఒక దీవి ఉన్నదబ్బా, ఉరికేటియి స్కా అంటరు, అవే తర్వాత నెమ్మదైతే రెగ్గే అన్నరని చెప్పిన. నోట్ల రెండుసార్లు తిప్పుకున్నడు. ‘మనకు గవన్ని వద్దు, ఉరుకుడు పాటలు, నడుసుడు పాటలు’ అన్నడు."

"ఆ. మొదటి నాలుగు ఉరుకుడు. అయిదోదానికెళ్లి నడుసుడు."

"అన్ని యాదికున్నయి నీకు."

"ఎందుకుండయి? ఆర్నెల్లు నా చెవులు తిన్నడు. బ్యాండంతటిని తీస్కపోయి కాలువల దింపిండు, ఎరుకేనా నీకు? ప్యాంట్లు మోకాళ్ల దాక మడిచి, బూట్లు చేతుల పట్టుకొని, పదకొండు మందిమి నీళ్లల్ల నడిసినం. ‘నేల మీద కాలు పడ్డప్పుడు సప్పుడైతది. నీళ్లల్ల కాలు లేపినప్పుడే సప్పుడైతది. గా సప్పుడు మీద ఊదుర్రి’ అన్నడు. నాట్లేసే ఆడోళ్లు మమ్ముల సూసి నవ్వలేక సచ్చిర్రు."

"నువ్వు గూడ దిగినవా?"

"నేను మాస్టర్‌ను కానా? అందరి కంటే ముంగట దిగిన. ...మంచిగుండె బిడ్డా. అబద్ధమెందుకు. మంచిగుండె."

"మరి ఎందుకు చాచా?"

"ఏది ఎందుకు?"

"మద్నూర్ లగ్గం."

"ఖీర్ల ఇలాచి వేసినట్టున్నది మీ అమ్మీ."

"మద్నూర్ చాచా."

"గా ముచ్చట తియ్యకు."

"గా ముచ్చట కోసమే వచ్చిన."

"తాళం తప్పింది. తాళం తప్పితే మాస్టర్ తిడ్తడు. ఏ బ్యాండులనైన గంతే. అయిపోయింది."

"తిట్టుడు వేరే, మైకుల చెప్పుడు వేరే. ఎదుర్కోళ్ల కాడ, పిల్లోళ్లు పిలగానోళ్లు అందరు వింటుండంగ, బండి మైకు పట్టుకొని ‘తాళం తెల్వనోడు నా బ్యాండుల వద్దు, నడువు’ అన్నవు. నేను ఆన్నే ఉన్న చాచా. పెండ్లిపిల్ల వైశాలి నా క్లాస్‌మేట్. పూలపళ్లెం పట్టుకొని ముందటి లైన్లనే నిలవడ్డ."

"...నువ్వు ఆన్న ఉన్నవా?"

"నువ్వు చూడలే. అబ్బా చూసిండు. నన్ను చూసి నవ్విండు. సాక్స్ డబ్బల పెట్టుకున్నడు. నీ బ్యాండు ఎర్రకోటు ఇప్పి, మంచిగ మడతబెట్టి, బండి మీద పెట్టి, బస్టాండ్ దిక్కు నడిసిండు. లోపల బనీను ఈపుల చిరిగుండె. కోటు కింద ఎవ్వరికి కనబడది గద అని గదే తొడుక్కపోయిండు ఆ పొద్దు. అందరికి కనబడ్డది."

"నాకు తెల్వదు బిడ్డా, నువ్వు ఆన్న ఉన్నవని."

"తెలిస్తే అనకపోదువా?"

"...చాయ్ తాగుతవా? పోరన్ని పంపుత."

"వద్దు. తర్వాత ఒక్క బ్యాండోడు పిలువలే ఆయనను. ‘పాషాకు తాళం పోయిందట, మాస్టరే మైకుల చెప్పిండట’ అన్నరు. నువ్వు చెప్పినంక ఇగ ఎవడు కాదంటడు? నాలుగేండ్లు బిచ్కుంద లైన్ల ఆటో తోలిండు. ఆటోల ఎక్కినోళ్లు గూడ అడిగేటోళ్లు, ‘నువ్వు బ్యాండు పాషావు గద, తాళం ఎట్ల పోయిందన్నా?’ అని."

"ఏమనేటోడు?"

"‘పోలేదు, ఇంట్లనే ఉన్నది’ అనేటోడు. నవ్వేటోడు. ఇంటికొచ్చినంక నవ్వేటోడు కాదు. దవాఖానల పదకొండు దినాలు పన్నడు చాచా. ఎవరొచ్చినా తల లేపి తలుపు దిక్కు చూసేటోడు."

"నేను వచ్చిన."

"ఎప్పుడు?"

"అయిదో దినం. ఎదురుంగ చాయ్ బండి కాడ గంట నిలవడ్డ. మల్లిపోయిన. ఖబరస్తాన్‌కు గూడ వచ్చిన."

"గేటు బయట. అజహర్ అన్న చెప్పిండు. లోపలికి ఎందుకు రాలే?"

"మట్టి ఎయ్యనీకి చెయ్యి లేవాలె గద బిడ్డా."

"ఇది విను."

"వద్దు."

"పెట్టిన."

"వద్దన్న గద! ...ఇది సీడీ పాట కాదు. ఇది... ఇది అమీర్ సాక్సు."

"కాలువ మెట్ల మీద. పొద్దుగాల ఆటో తీసే ముందు పోయేటోడు."

"గా సప్పుడేంది? గలగల అంటుంది."

"నీళ్లు. ఒక కాలు నీళ్లల్ల పెట్టి లేపేటోడు. నువ్వే అంటివి గద, నీళ్లల్ల లేపినప్పుడే సప్పుడైతదని. విను. ప్రతి సప్పుడు మీద సాక్సు పడుతున్నదా లేదా?"

"...పడుతున్నది."

"ఒక్కటన్న తప్పిందా?"

"ఏడో పాట ఇది. నడుసుడుది."

"అడిగిందానికి చెప్పు."

"ఆగు, ఆగు. ఇక్కడెందుకు ఆపిండు? సాక్సు ఆగింది. నీళ్లొక్కటే కదులుతున్నయి."

"మళ్ల వస్తది. ఇగో, వచ్చింది."

"మల్ల ఆపిండు. అరె... గిది ట్రంపెట్ జాగ. గిక్కడ ట్రంపెట్ రెండుసార్లు ఊదాలె."

"ఆ."

"ఉత్తగ ఇడిసిండు."

"నీ జాగ అది. గిసొంటియి నూటపన్నెండున్నయి ఫోన్ల. అన్నిట్ల ఇడిసిండు. ట్రంపెట్ నేను నెట్‌లకెళ్లి తీసి కలుపుత అబ్బా, నిండుగ ఉంటదన్న. ‘వద్దు బిడ్డా, భీం వచ్చి ఊదుతడు’ అన్నడు."

"బంద్ చెయ్యి అలీజా."

"చేస్త. తప్పిండా, తప్పలేదా?"

"తప్పలే."

"నాకు చెప్పుడు కాదు. మైకుల అన్నవు, మైకులనే వాపసు తీస్కో. బండి గిదే గద? షటర్ పూర్తిగ లేపుత, బజారంత వినాలె. గిదొక్కటి చెయ్యి చాచా. మా అబ్బా పేరు మాకు ఇచ్చెయ్యి. మళ్ల నీ దుకాణం మెట్టెక్క."

"మైకు ఖరాబైంది."

"వినాయక చవితికి నడిచింది."

"బ్యాటరీ దిగింది."

"అబ్బా ఆటో బయటనే ఉన్నది. నేనే తోలుకొచ్చిన. బ్యాటరీ దాంట్లకెళ్లి తీస్త."

"అన్ని ఆలోచన చేసుకొనే వచ్చినవు."

"నలభై దినాలు ఆలోచన చేసిన."

"కూసో. కూసో బిడ్డా, చెప్త. మైకుల చెప్పే ముందుగాల నీకు చెప్త. ఉరుకుడు పాటలు మేము మంచిగ పట్టుకున్నం. మద్నూర్ లగ్గంల నాలుగో పాట కొట్టాలని అనుకున్నం. మల్ల ఒకనాడు మీ అబ్బా ఏమనుకున్నడో, ఉరుకుడు వద్దు, ఏడో పాట చేద్దామని పట్టుబట్టిండు. ఏడో పాటల నాకు రెండే ఊదుడ్లు. రెండు ఊదు, ఎనిమిది అడుగులు ఊకో. మల్ల రెండు. గంతే. పాటంత సాక్సు మీదనే నడుస్తది."

"ఎరికే."

"నేను మాస్టర్‌ను అలీజా! ఇక్కడికెళ్లి దెగ్లూర్ దాక భీంరావు ట్రంపెట్ అంటే లగ్గమోళ్లు ముహూర్తం మార్చుకునేటోళ్లు. నాకు రెండు ఊదుడ్లా? నా బ్యాండుల నన్నే తోకకు కట్టిండు, నా జాగ గుంజుకుంటుండు అనిపించింది. పైకి అనలే. లోపలంత మంట. గా పొద్దు మద్నూర్‌ల, జిద్దుకు, ఆయన ఊకోమన్న జాగంత నేనే నింపిన. రెండు ఊది ఆగలే. పైకి తీసిన. పొడుగ్గ తీసిన. తీస్తుంటే..."

"తీస్తుంటే?"

"తువ్వాల తీస్తున్న. సూడు."

"...అయ్యో చాచా. పండ్లన్ని పోయినయా?"

"ముందటియన్ని. అప్పుడు గిట్ల లేకుండె. రెండే కదులుతుండె. గా పొడుగు స్వరం కాడ ఒకటి లోపలికి మల్లింది. నోరంత రక్తం. ట్రంపెట్ కీసుమన్నది. నా అడుగు తప్పింది, నన్ను సూసి గోపాల్ డోలు తప్పింది, వాన్ని సూసి బ్యాండంత చెల్లాచెదురు. ఒక్క మీ అబ్బా సాక్సే నిలవడ్డది. లేచే కాలు మీద, ఒక్కటి గూడ తప్పకుండ. మమ్ముల మల్ల దారికి తెద్దామని సూస్తుండు. పెండ్లోళ్లందరు నా దిక్కే సూస్తుండ్రు, ఏమైంది మాస్టర్‌కు అని. నేను రక్తం మింగి మైకు అందుకున్న."

"రక్తం మింగి మా అబ్బాను అన్నవు."

"ఏమన్న అను. తిట్టు."

"షటర్ లేపుతున్న."

"లేపు. బ్యాటరీ వద్దు, గీన్నే ఉన్నది. నిండుగనే ఉన్నది. ...హలో. హలో. బజార్ల ఉన్నోళ్లందరికి, నేను బ్యాండు భీంరావును. ఓ కూరగాయలాయన, జర నీ స్పీకర్ బంద్ పెట్టు. నాలుగేండ్ల కింద మద్నూర్‌ల, గిదే మైకుల, అమీర్ పాషాకు తాళం తెల్వదని చెప్పిన. అబద్ధం చెప్పిన. పాషా తప్పలే. ఒక్క అడుగు తప్పలే. తప్పింది నేను. నా తప్పు వాని మీద ఏసి, వాన్ని నడిరోడ్డు మీద కోటిప్పిచ్చి పంపిన. వాడు ఇప్పుడు లేడు. ఉన్నప్పుడు చెప్పనీకి నాకు దమ్ము లేకపాయె. ఎందుకు తప్పిన్నంటే, నా నోట్ల..."

"సాలు చాచా. ఇటియ్యి మైకు."

"అరె, చెప్పనియ్యి! అంత చెప్పి అసలుది దాస్తే ఎట్ల?"

"బంద్ చేసిన. గది బజారుకు వద్దు. అబ్బా గూడ బయట ఎవ్వరికి చెప్పలే."

"మీ అబ్బాకేం ఎరుక గది? ఇంట్ల మీ చాచీ సోనాబాయికి గూడ తెల్వనియ్యలే నేను, ఏడాది దాక."

"రొట్టె చాయల నానబెట్టుకొని తినుడు షురూ చేసినవు. ట్రంపెట్ మూతికి ఒక పక్కకు పెట్టుకొని ఊదుడు షురూ చేసినవు. ఆయన ఇరవై ఏండ్లు నీ పక్కనే నిలవడ్డడు చాచా. పోయే ముంగట అమ్మీకి, నాకు చెప్పిండు. అందరికి బిర్యానీ పంపిన అమ్మీ నీకు ఖీర్ ఎందుకు పంపిందనుకున్నవు?"

"...ఎప్పటికెళ్లి ఎరుక వానికి?"

"మద్నూర్ కంటే ముందుగాలకెళ్లి. పండ్లు కదిలేటోడు గూడ ఊదగలిగే పాట గా సీడీల ఒక్కటే ఉండె చాచా, ఏడోది. గదే ఏరిండు."